గాలికి అడ్డమని కొట్టేసిన చింతలు

ఆ రోజుల్లో, అంటే కొత్త రాష్ట్రం వచ్చిన తొలి సంవత్సరాల్లో, నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ల వయసు, చేతిలో ఇంజనీరింగ్ పట్టా, ఏడాది పాటు ఉద్యోగం లేకుండా నల్లగొండ టీ కొట్ల దగ్గర నిలబడి సంపాదించిన లోకజ్ఞానం. ఈ మూడూ కలిస్తే మనిషి ఎంత ప్రమాదకరంగా తయారవుతాడో ఇప్పుడు తలుచుకుంటే భయం వేస్తుంది. నవ్వు కూడా వస్తుందనుకోండి, కానీ ఎక్కువసేపు నిలవదు.

నాకు గాలిని కొలిచే ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు మా బాపు (బస్సు డిపోలో మెకానిక్, ఇనుముతో తయారుకాని దేన్నీ నమ్మే మనిషి కాదు) నావైపు చూడకుండానే అమ్మతో అన్నాడు: “ఇన్నొద్దులు ఉత్తగ గాలికి తిరిగిండు. ఇగ జీతం తీసుకొని తిరుగుతడంట.” నేను చిన్నబుచ్చుకుని, గాలిమరలు నిలబెట్టే ముందు ఆ జాగాలో గాలి ఏడాది పొడుగునా ఎట్లా వీస్తుందో కొలవాలనీ, గాలి వేగం సగానికి పడితే కరెంటు సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుందనీ, కాబట్టి కొలతలో రవ్వంత తప్పు జరిగినా కొంపలు మునుగుతాయనీ ఉపన్యాసం ఇచ్చాను. తర్వాత ఆ రవ్వంత తప్పు చేసింది నేనే. మునిగిన కొంప మాత్రం నాది కాదు.

నన్ను వేసింది కొల్లాపూర్ అవతల, కృష్ణకు ఎగువన ఉన్న ఒక రాళ్లగుట్ట మీద. అక్కడ కంపెనీ వాళ్లు ఎనభై మీటర్ల సన్నటి ఉక్కు స్తంభం నిలబెట్టి, నాలుగు దిక్కులా తీగలతో లాగి కట్టారు. కొసన మూడు చిన్న గిన్నెలు గిరగిరా తిరుగుతుంటాయి, సగం ఎత్తులో మరో మూడు. అవి ఎన్ని చుట్లు తిరిగాయో కింద ఒక పెట్టెలో నమోదవుతుంది. ఊళ్లో ఒక టైలర్ సాబ్ ఇంట్లో గది కిరాయికి తీసుకుని, ఆ పెట్టెను కాపలా కాయడం, నెలనెలా లెక్కలు పంపడం నా పని. ఊరివాళ్లు దాన్ని గిన్నెల మిషిని అనేవారు. నన్ను గాలి సారు అనేవారు. (వెనకాల ఇంకేమనేవారో టైలర్ సాబ్‌కు తెలుసు, మర్యాదస్తుడు కనుక చెప్పలేదు.)

స్తంభం పక్క చేను ఒక తాతది. ఆయన తండ్రికి సెంటు భూమి లేదు. ఈయనకు నడివయసులో సర్కారు గుట్టవాలులో రెండెకరాలు పట్టా ఇచ్చింది. భూమి ఇచ్చింది కానీ నీళ్లివ్వలేదు. అందుకే తాత, అవ్వ ఇద్దరూ బతుకంతా పాలమూరు మేస్త్రీల వెంట దేశాలు పట్టి, పరాయి రాష్ట్రాల్లో కాలువలు తవ్వి, కట్టలు పోశారు. “ఎందరి చేన్లకో నీళ్లు పారిచ్చిన సారూ. నా జొన్నకు మాత్రం మొగులే దిక్కు,” అని మబ్బులవైపు చూపించేవాడు. మోకాళ్లు అరిగాయి. ఇంకొకసారి వలస పోవడం ఆయనకు ఇష్టం లేదు. గాలిమర (ఆయన మాటలో పెద్ద ఫ్యాను) తన చేన్లో నిలబడితే కంపెనీ ఇచ్చే కౌలు వస్తుంది, కాపలా పని కూడా తనకే దొరుకుతుంది, ఊళ్లోనే ఉండిపోవచ్చు. ఆయన ఆశ అంతే. ఆ ఆశతో రోజూ పొద్దున్నే పెట్టె దగ్గరకు వచ్చి, పిల్లవాడి జ్వరం ఎంతుందని దవాఖానలో అడిగినట్టు అడిగేవాడు: “ఇయ్యాల ఎట్లున్నది సారూ?”

“ఫరవాలేదు తాతా. జర పెరగాలె,” అనేవాణ్ని.

ఒకరోజు ఆయన “ఎందుకు పెరుగుతలేదు?” అని అడిగాడు. నాకు తెలియదు అనవచ్చు. ఆ మాట అప్పటికి నా నోట్లో ఇంకా పుట్టలేదు. నేల మీద పుల్లతో బొమ్మ గీసి, వానాకాలపు గాలి పడమటి నుంచి వస్తుందనీ, దారిలో చెట్టూ పుట్టా అడ్డం వస్తే దాని జోరు తగ్గుతుందనీ చెప్పాను. అంతటితో ఆగితే సరిపోయేది. కానీ అవ్వ కూడా వచ్చి వింటోంది, వినేవాళ్లు పెరిగితే నాకు ఊపు వస్తుంది. పడమటి గట్టు మీదున్న మూడు చింతచెట్లను పుల్లతో చూపించి, “ఇగో, గాలికి చేతులు అడ్డం పెట్టినట్టే లెక్క ఇవి,” అన్నాను. ఆ చెట్లు పట్టా వచ్చిన ఏడు అవ్వ పెట్టినవి. కోసెడు దూరంలోని బాయి నుంచి కడవలతో నీళ్లు మోసి బతికించినవి. ఆమె లేచి వెళ్లిపోయింది. తాత మాత్రం చాలాసేపు ఆ బొమ్మనే చూస్తూ కూర్చున్నాడు.

ఆషాఢంలో నాకు జ్వరం వచ్చి పది రోజులు ఇంటికి పోయాను. తిరిగొచ్చి గుట్ట ఎక్కితే ఇది మన గుట్టేనా, దారి తప్పానా అనిపించింది. పడమటి దిక్కంతా బోడిగా, గొరిగిన తలలా ఉంది. గట్టు మీద మూడు మోళ్లు. తాత ఎదురొచ్చి, పెండ్లి పని చేసి వచ్చినవాడిలా తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

“అడ్డం తీసేసిన సారూ. ఇప్పుడు చూడు గాలి ఎట్లొస్తదో!”

ఆ క్షణాన చెప్పవలసిన మాటలు పది ఉన్నాయి. నేను పదకొండోది చెప్పాను: “మంచిగ చేసినవు తాతా.”

దేవుడికి కూడా హాస్యం ఎక్కువే. ఆ వారమే, పిడుగుపాటుకు చెడిపోయిన పై గిన్నెల్ని మార్చడానికి స్తంభం ఎక్కే మనుషులు వచ్చి కొత్తవి బిగించి పోయారు. ఆ తర్వాత నేను పెట్టె తెరిస్తే గాలి అంకెలు ఎక్కడికో ఎగబాకి ఉన్నాయి! చెట్లు కొట్టడం, గాలి పెరగడం, ఇంతకంటే రుజువేముంటుంది? పరుగున చేన్లోకి పోయి చెప్పాను. తాత ఊళ్లో బెల్లం పంచాడు. టైలర్ సాబ్ నాకు షేర్వానీ కుట్టిపెడతానన్నాడు. నేను ఆఫీసుకు, పరిసరాల్లోని అడ్డంకుల తొలగింపు వల్ల వేగం గణనీయంగా మెరుగుపడిందని ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాశాను. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గర ఉంది, ఎవరికీ చూపించను.

ఉత్తరం చూసి హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కొలతల సారు అనేవాళ్లం. పై గిన్నెల లెక్కను నడిమి గిన్నెల లెక్కతో పోల్చి చూసి, ఎండలో పెట్టె ముందు గొంతుక్కూర్చుని, “అరె భాయ్, కింద మామూలు గాలి, పైన తుఫాను. ఏక్‌దం గింత ఫరక్ ఎట్లొస్తది? కొత్త గిన్నెలతోటి ఒక కాగితం వచ్చి ఉంటది, ఏది?” అన్నాడు.

“ఏ కాగితం సార్?”

గది అంతా వెతికితే దొరికింది. కుంటి మంచం కోడు కింద నాలుగు మడతలు పెట్టి ఉంది. గిన్నెల్ని ముందే పరీక్షించి, ఒక చుట్టు తిరిగితే ఎంత గాలి అని లెక్కకట్టి ఇచ్చే కాగితమట అది. ఈ కొత్తవి వేరే రకం గిన్నెలు. వాటి అంకె పెట్టెలో మార్చకుండా పాతదే ఉంచేశాను. అంకె మార్చేసరికి గాలి మళ్లీ ఎప్పటిలాగే మామూలు గాలైపోయింది.

“మరి చెట్లు కొట్టేసినం గద సార్?” అన్నాను, మునిగేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు.

ఆయన మోళ్లవైపు, స్తంభం కొసవైపు, నావైపు వరుసగా చూశాడు. “ఎనభై మీటర్ల మీది గాలికి గా దూరంల చింతచెట్లతోటి ఏం పని? ఎవరు చెప్పిన్రు?”

ఎవరు చెప్పారో నేను చెప్పలేదు. ఆయనకు అర్థమైందనుకుంటాను, ఇంకేమీ అడగకుండా జీపెక్కాడు.

తర్వాత పదిహేను రోజులు తాత అడిగినప్పుడల్లా “ఆఫీసుల చూస్తున్రు” అని తప్పించుకున్నాను. వానలు మొహం చాటేశాయి, జొన్న మోకాలెత్తుకే ఎండిపోయింది. ఏడాది లెక్క కూడా ముగింపుకొచ్చి, స్తంభం విప్పెయ్యమని కబురు వచ్చాక ఇక దాచడానికి వీల్లేకపోయింది. సాయంత్రం వాళ్ల గుడిసె ముందు కూర్చుని మొత్తం చెప్పేశాను. చెట్లతో ఫరక్ పడలేదనీ, అంకె నేనే తప్పు పెట్టాననీ, ఫ్యాను రాదనీ.

తాత బీడీని నేలకు రాసి ఆర్పాడు. తర్వాత మెల్లగా అడిగాడు: “అంటె గాలి మంచిగనే ఉన్నది, నువ్వు తప్పు రాసినవంటవా?”

“లేదు తాతా. గాలి గూడ చాలినంత లేదు.”

“మరి రెండు దిక్కుల పాయె గద!” అని నవ్వాడు. నిజంగానే నవ్వాడు. ఆ నవ్వు నేను తట్టుకోలేకపోయాను.

అవ్వ నవ్వలేదు. జొన్నపిండి పిసుకుతూ, తల ఎత్తకుండా అంది: “తప్పు చెప్పినందుకు కాదు బిడ్డా. మనిషన్నంక తప్పు చెప్తడు. ఒకటి కొట్టినప్పుడే నేను అడ్డం పోయిన. సారు చదువుకున్నడు, నీకేం ఎరుక అన్నడు. సరే పోనీ అనుకున్న. నువ్వు వచ్చి మంచిగ చేసినవు అంటివి చూడు, గదే నా కడుపుల ఉన్నది.”

ఆ ఏడు చివర వాళ్లిద్దరూ మళ్లీ మేస్త్రీ వెంట పుణె దిక్కు పోయారు. మూటలు నేనే మోసుకొచ్చి కొల్లాపూర్‌లో బస్సు పైకెక్కించాను. (ఒక మూట జారి కండక్టర్ నెత్తిన పడింది. ఆ గొడవలో వీడ్కోలు చెప్పుకునే బాధ కొంత తప్పింది.) బస్సు కదిలే ముందు తాత కిటికీలోంచి, “ఎప్పటికన్న వస్తదా సారూ, గా ఫ్యాను?” అని అడిగాడు.

“నాకు తెల్వదు తాతా,” అన్నాను.

ఆయన కాసేపు నా మొహం చూసి, “గిది నిజం చెప్పినట్టున్నవ్,” అన్నాడు.

ఇప్పుడు నాకు నడినెత్తిన జుట్టు లేదు. ఈ మధ్యకాలంలో గాలిమరల స్తంభాలు ఇంకా ఎత్తు పెరిగాయి, రెక్కలు పొడుగు సాగాయి, నెమ్మది గాలికి కూడా తిరిగేవి వచ్చాయి. నేల మీద పెట్టె పెట్టి, ఆకాశంలోకి లేజర్ కిరణాలు వదిలి గాలిని కొలుస్తున్నారు. నిరుడు మా ఆఫీసులో, ఒకప్పుడు వద్దనుకున్న జాగాల్ని మళ్లీ చూద్దామని జాబితా తీస్తే, అందులో ఆ గుట్ట కూడా ఉంది. టైలర్ సాబ్‌ను పట్టుకుని అవ్వతో ఫోన్లో మాట్లాడాను. తాత పుణె నుంచి దగ్గుతో తిరిగొచ్చి, రెండేళ్లు మంచంలో ఉండి కన్నుమూశాడని చెప్పింది. నేను మాట మార్చి, “అవ్వా, ఇప్పుడు తక్కువ గాలికి గూడ నడిచే ఫ్యాన్లు వచ్చినయ్. మీ గుట్ట మీద మల్లొకసారి కొలుస్తరంట,” అన్నాను.

“కొలుసుకోండ్రి బిడ్డా,” అంది అవ్వ. “వచ్చేటోళ్లకు మాత్రం జర తక్కువ మాట్లాడమని చెప్పు.”

చెప్పాను. వెళ్లబోయే కుర్ర ఇంజనీర్లను కూర్చోబెట్టి చెప్పాను. వాళ్లు మర్యాదగా తల ఊపారు, వాళ్లకు అప్పటికే అన్నీ తెలుసు కనుక. వాళ్లలో ఒకడు అచ్చం నాలాగే పెన్ను తీసి కాగితం మీద బొమ్మ గీస్తూ నాకే పాఠం మొదలుపెట్టాడు. వాణ్ని చూస్తుంటే, ఆనాటి నేను ఎదురైతే బాగుండుననిపించింది. ముందు చెంప మీద గట్టిగా ఒకటి ఇవ్వాలి. ఆ తర్వాత పాపం, తెలియదని ఒప్పుకోవడానికి భయపడే కదా వాడు అంత వాగింది, పక్కన కూర్చోబెట్టుకుని ఒక చాయ్ తాగించాలి.