మా అక్క కూర్చున్న సీటు

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భార్యకు కూడా తెలియదు. మీకు చెబుతున్నానంటే మీరు నన్ను ఎరగరు కాబట్టి. రేపు ఆదోని బజారులో ఎదురుపడినా గుర్తుపట్టరు. ముందే ఒక సంగతి చెప్పేస్తాను. నేను కుమిలిపోతున్నానని అనుకోకండి. సిగ్గు ఉంది. కానీ గర్వం అంతకంటే ఎక్కువ ఉంది. నన్ను తొలిచేదీ అదే.

ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి మిల్లులో చాలా ఏళ్ళుగా గుమాస్తాను. ఆయన్ని వెనక సావుకారి అంటాం, ఎదుట అన్నా అంటాం. ఆయన వ్యాపారం మీద హైదరాబాదు పోయి, అక్కణ్ణుంచి ముంబైకో అహ్మదాబాదుకో తరచుగా విమానంలో వెళ్ళేవాడు. టికెట్లు తీసేది నేను. ఆఫీసు ఫోను నా దగ్గరే ఉండేది. విమానం ఎక్కిన ప్రతిసారీ ఆ కంపెనీవాళ్ళు ఆయన పేరిట కొన్ని పాయింట్లు వేసేవాళ్ళు. అవి పోగుపడితే వాటితోనే టికెట్టు తీసుకోవచ్చు. ఆయనకే కాదు, ఎవరికైనా. మొదట్లోనే ఆయనకు చెప్పాను. "ఆ పాయింట్లు గీయింట్లు నాకెందుకప్పా, టికెట్టు తియ్యి సాలు" అన్నాడు. ఆ మాటను నేను అనుమతిగా దాచుకున్నాను. అది అనుమతి కాదని నాకు అప్పుడే తెలుసు.

ఇక మా అక్క. పేరు సుంకమ్మ. ఎమ్మిగనూరు దగ్గరి పల్లెలో కూలి చేసేది. నన్ను డిగ్రీ దాకా చదివించింది ఆమే, పత్తి తీసిన కూలితో. బావ పోయాక కూతుర్నీ అలాగే చదివించింది. ఆ పిల్ల కేంద్ర బలగాల్లో ఎస్సై అయింది. ట్రైనింగ్ ముగిసే రోజు ఢిల్లీ దగ్గర పెరేడ్. భుజం మీద నక్షత్రాలు తల్లే పెట్టాలట.

ఢిల్లీకి రైలు ఉంది. విమానమే అనుకున్నా, వెనక సీట్లకైతే సావుకారి పాయింట్లలో సగం కూడా అక్కరలేదు. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న సాకు ఏమిటంటే, అక్కకు మోకాళ్ళ నొప్పులు అని. అబద్ధం. అప్పట్లో ఆమె నాకంటే వడిగా నడిచేది. నేను చేసింది అవసరానికి కాదు, పంతానికి. జీవితమంతా బస్సులో కింద కూర్చుని వచ్చిన మనిషి, ఒక్కసారి అందరికంటే ముందు కూర్చోవాలి. అంతే.

పాయింట్లకిచ్చే ముందువరుస సీట్లు రెండో మూడో ఉంటాయి. అవి ఎప్పుడు తెరుచుకుంటాయో, ఏ రోజు తక్కువకు వస్తాయో నెల రోజులు కాపు కాశాను. ఒక మధ్యాహ్నం మిల్లులో అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు రెండు సీట్లు కనిపించాయి, పాయింట్లన్నీ పెట్టి తీసేశాను. పన్ను మటుకు నా జేబులోంచి కట్టాను. దాంతో దొంగతనం తగ్గిందా? తగ్గలేదు. కానీ ఆ పూట నా అంత తెలివైనవాడు ఆదోనిలో లేడనిపించింది. నిజం చెప్పాలంటే ఇప్పటికీ అనిపిస్తుంది.

సావుకారికి రైల్లో పోతున్నామని చెప్పి సెలవు తీసుకున్నాను. ఆయన భార్య, వదినమ్మ, పెరేడ్‌కు కట్టుకోమని అక్కకు కొత్త పట్టుచీర ఇచ్చింది. ఆ చీర కట్టుకునే అక్క ఆ సీట్లో కూర్చుంది.

విమానంలోని అమ్మాయి వంగి, "సుంకమ్మ జీ" అంటూ వేడి తువ్వాలు అందించింది. అక్క ముఖం తుడుచుకోలేదు. మడిచి ఒళ్ళో పెట్టుకుంది. పత్తికాయల మొనలు గీరిన వేళ్ళు ఆ తెల్లగుడ్డ మీద కదలకుండా ఉన్నాయి.

"ఈయమ్మకు నా పేరు ఎట్ల తెలిసెరా?" అంది.

వెనక సీట్లవాళ్ళంతా మమ్మల్ని దాటుకుంటూ పోతున్నారు, అక్క ఒక్కొక్కరినీ తేరిపార చూస్తోంది. మర్నాడు అవే వేళ్ళతో కూతురి భుజాన నక్షత్రం పెట్టింది. పిల్ల సెల్యూట్ చేసింది. నేను జీవితంలో అంత నిటారుగా ఎప్పుడూ నిలబడలేదు.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది రాసేవాణ్ణే కాదు.

ఏడాది తిరక్కముందే వదినమ్మకు వెన్నులో ఎముక జారింది. ముంబైలో డాక్టరుకు చూపించాలి. సావుకారి నా బల్ల దగ్గరికే వచ్చాడు.

"అప్పా, నా పేరు మీద ఏవో పాయింట్లుండాయంటివి కదా. మీ వదిన కూసోలేకపోతాంది. ముందు సీట్లు వస్తాయేమో సూడు."

"గడువు దాటి పోయినాయన్నా."

"అన్నీనా?"

"అన్నీ."

"పోనీలేప్పా. నువ్వు ఆ పొద్దే సెప్తివి, నేనే పట్టించుకోలేదు."

తప్పు తన మీద వేసుకుని వెళ్ళిపోయాడు. డబ్బు పెట్టి కొనలేడా అంటారేమో. కొనగలడు, కొనడు. పాత స్కూటరు మీదే మార్కెట్ యార్డుకు వచ్చే మనిషి. నేను చెప్పి ఉండవచ్చు. నేనే కొని ఇచ్చి ఉండవచ్చు కూడా. ఏదీ చేయలేదు. వెనక వరుసలో రెండు సీట్లు తీశాను. నడుం కింద దిండు పెట్టుకుని వెళ్ళిన వదినమ్మ తిరిగి వచ్చాక నాలుగు రోజులు మంచం దిగలేదు. అక్క తీసిన పత్తితోనే కదా ఆ మిల్లు నడిచింది అని ఆ నాలుగు రోజులూ లోపల వాదించుకున్నాను. లాయరు మాటలు. వదినమ్మ నడుముకూ మా అక్క కూలికీ ఏం సంబంధం?

పోయిన నెల ఎమ్మిగనూరులో మేనకోడలు కొత్తింట్లో చేరింది. సావుకారి, వదినమ్మ భోజనానికి వచ్చారు. అక్క వదినమ్మ పక్కన చేరి ఆ విమానం కబుర్లు మొదలుపెట్టింది. "సీటు కాదమ్మా అది, మంచమే. కాళ్ళు సాపుకొని పండుకుంటి. మా తమ్ముడు పాయింట్లు పెట్టి తీసినాడంట."

వదినమ్మ చేతిలోని గ్లాసు ఆగింది. నా వైపు చూసింది. తర్వాత అక్క చేయి పట్టుకుని, "బాగ సేసినాడు" అంది.

తెలుసుకుందా? తెలిసే అందా? మర్నాడు మిల్లులో సావుకారి ఎప్పటిలాగే పలకరించాడు. ఆమె ఆయనకు చెప్పలేదో, చెప్పినా ఆయన నన్ను అడగదలుచుకోలేదో నాకు అంతుపట్టలేదు. అడిగే ధైర్యమూ లేదు.

మళ్ళీ ఆ మధ్యాహ్నం వస్తే? ఆ రెండు సీట్లు మళ్ళీ తీస్తాను. ఇందులో నాకు సందేహం లేదు, అందుకే క్షమించమని ఎవరినీ అడగను. కానీ ఆ పాయింట్లు నావి కావు. అడగకుండా వాడాను. ఒక మనిషి నొప్పితో ఉన్నప్పుడు, ఆమె భర్త నన్ను నమ్మి అడిగినప్పుడు, అబద్ధం చెప్పాను. ఇంతే రాయడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. రాశాను.