గోళ్ళ రంగు

1960ల చివర్లో ఒక ఉదయం తార్నాకలో దవాఖానకు పోయే బస్సెక్కాను. యూనివర్సిటీలో పాఠాలు చెప్పే మా ఆయన మగవాళ్ళతో బస్సు వెనక నిలబడ్డారు. నా మెడ మీది గడ్డ తీయడానికి, దాని చుట్టూ మాత్రమే తిమ్మిరెక్కే సూది వేస్తారని ఆయన చెప్పారు.

పక్క సీటులో ఉన్నామె నా గోళ్ళ అంచుల్లో మిగిలిన రంగు చూసింది. "గోర్లరంగు తీసినవేంది చెల్లె?"

"ఆపరేషనుంది. నిన్న మా ఆయనే ఒక్కో గోరు తుడిచిండ్రు," అన్నాను గొప్పగా.

"పొద్దున ఏమన్న తిన్నవా?"

"నీళ్ళు గూడ తాగొద్దన్నరు."

"అయితే నీకు పూర్తి మత్తే. నాకు గిట్లనే చేసిండ్రు. కడుపుల ఏమన్నుంటే మత్తుల పైకొచ్చి ఊపిరికి అడ్డం పడ్తదంట. ఊపిరి అందకుంటే గోర్లు నీలమైతయంట. రంగుంటే ఎట్ల కనవడ్తది?" నా బొటనవేలి గోరు నొక్కి వదిలింది. తెల్లబడ్డ గోరు మళ్ళీ ఎర్రబడింది. "గిట్లుంటే మంచిగున్నట్టే. మత్తు డాక్టరు పక్కనే ఉంటడు, భయపడకు."

భయం కాదు, ఒళ్ళు మండింది. పూర్తి మత్తని తెలిసే నిన్న నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎంత ముద్దుగా తుడిచారాయన!

బస్సు దిగగానే నిలదీశాను.

"చెప్తే డాక్టరుతోని గూడ కొట్లాడుతవని చెప్పలే," అన్నారు.

"కొట్లాడుతా. మత్తు మీకా, నాకా?"

డాక్టరును అడగాల్సినవన్నీ అడిగాకే బల్ల ఎక్కాను. గడ్డ పోయింది, మెలకువా సవ్యంగానే వచ్చింది.

గోళ్ళకు రంగు ఇప్పటికీ వేసుకుంటాను. ఆయన దూది పట్టుకుని వస్తే మాత్రం చెయ్యి ఇవ్వను.