రీకౌంటింగ్‌కు కట్టిన ఏడాది

డిగ్రీ ఆఖరి సెమిస్టర్‌లో స్టాటిస్టిక్స్ తప్పాను. రెండు పెద్ద ప్రశ్నలకు ఏమీ రాయకుండా వచ్చాను. ఆ సాయంత్రం నాయిన "మంచిగ రాసినవా బిడ్డా?" అని అడిగితే మాత్రం "రాసిన" అన్నాను. ఫలితాలు వచ్చేసరికే మహబూబ్‌నగర్‌లో పీజీ సీటుకు ర్యాంకు వచ్చి ఉంది. డిగ్రీ పాసైతేనే యూనివర్సిటీలో చేర్చుకుంటారు.

మాది నకిరేకల్ దగ్గర చేనేత ఇల్లు. నూలుకు రంగులద్దే ముందు నాయిన పోగులు రెండోసారి లెక్కపెడతాడు. ఒక్కటి తప్పినా చీర మీద పువ్వు విరిగిపోతుంది. అందుకే నా మెమో చూడగానే, "లెక్కపెట్టుడుల తప్పు పోయింటది" అన్నాడు.

ఒక్క పేపరు పోయినవాళ్లకు నెలలోపే ఇన్‌స్టంట్ పరీక్ష పెడతారు. అది రాస్తే సీటు దక్కేది.

"ఇన్‌స్టంట్‌కు కడ్త నాయినా."

"మంచిగ రాసిన అంటివి గదా. మళ్ల రాస్తే తప్పు మనదే అని ఒప్పుకున్నట్టు గాదా? రీకౌంటింగ్‌కు కట్టు."

అమ్మ నవ్వింది. "ఇనవే. వారం కింద నేసిన తప్పు గూడ ఇప్పుడు పట్టుకుంటడు మీ నాయిన."

ఒక్క మాట చెప్తే సరిపోయేది. రీకౌంటింగ్‌కే కట్టాను.

రీకౌంటింగ్‌లో మార్కులు మారలేదు. ఆ కబురు వచ్చేసరికి ఇన్‌స్టంట్ పరీక్ష అయిపోయింది, సీటు పోయింది. నేను ఏడుస్తుంటే సీటు కోసమే అనుకున్నాడు నాయిన. ఆ తర్వాత నుంచి పోగులు తాను లెక్కపెట్టాక, "జర నువ్వు గూడ చూడు" అని అమ్మను పిలవడం మొదలుపెట్టాడు. అంతకు ముందు ఎన్నడూ పిలవలేదు.

మరుసటి ఏడు సప్లిమెంటరీలో పాసయ్యాను. ఎంట్రెన్స్ మళ్లీ రాస్తే సీటు వచ్చింది. చేర్పించడానికి నాయిన నాతో వచ్చాడు. ఒక ఏడాది ఎందుకు ఖాళీగా ఉందని కౌంటర్‌లో ఉన్నాయన అడిగాడు. నేను నోరు తెరిచేలోపే నాయిన, "తప్పు నాదే సార్, నేనే ఆపిన" అన్నాడు.

ఇప్పుడు నాకు మూడేళ్ల బిడ్డ. ఏదైనా పగలగొట్టి నా ముఖంలోకి చూసినప్పుడల్లా, ఇది నా దగ్గర ఏం దాస్తుందోనని భయమేస్తుంది.

పోయిన నెల చుట్టాలొచ్చారు. చదువుల మాట రాగానే నాయిన, "నా బిడ్డకు ఒక ఏడు నేనే ఖరాబు జేసిన" అన్నాడు. ఈసారి చెప్పేద్దామని "నాయినా" అన్నాను. ఆయన నా బిడ్డను ఒళ్లోకి తీసుకుని, "నువ్వన్న ఈ తాత మాట ఇనకు బిడ్డా" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.