ప్రార్థనలో నేను వదిలేసిన మాట

మొన్న సోమవారం ఉదయం చేబ్రోలులో బంధువుల ఇంటికి బయలుదేరి చెప్పులు తొడుక్కుంటూ ఉండగా మా మనుమరాలు "ఎక్కడికి తాతయ్యా?" అని అడిగింది. అంతే, ఇంట్లోని ఇద్దరు ఆడవాళ్ళూ రెండు గదులలోంచి ఒకేసారి దానిమీద విరుచుకుపడ్డారు. "బయటికి వెళ్ళేవాళ్ళని ఎక్కడికి అనకూడదని ఎన్నిసార్లు చెప్పానే నీకు?" అని మా కోడలు. "కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళండి," అని నా భార్య. ఆచారం ప్రకారం లోపలికి వచ్చి కూర్చున్నాను. ఏడేళ్ళ పిల్ల తలుపు పక్కన నిలబడి పెదవులు బిగించుకుంది. అలా బిగించిన పెదవులను నేను ఇంతకు ముందు ఒకసారి చూశాను. ఈ తెనాలిలో కాదు. రేపల్లె దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో, నేను ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసిన బడిలో.

ఆ బడి నా చేతికి వచ్చేనాటికి అటెండరు గంట కొట్టినప్పుడే తొమ్మిది. నెల తిరగకుండా తొమ్మిదింటికే గంట మోగేలా చేశాను. ప్రార్థనలో చదివే ప్రకటనలు క్లుప్తంగా ఉండాలన్నాను. అనవసరమని తోచిన ప్రతి మాటనూ ఎర్ర సిరాతో కొట్టివేసేవాణ్ణి. హాజరు పిలిచినప్పుడు నోటితో పలకని వారికి గైర్హాజరు వేయాలన్నది నేను పెట్టిన మరొక నియమం. ఆరవ తరగతిలో ఒక పిల్ల పలికేది కాదు. సముద్రంలో చేపల వేటతో బతికే కుటుంబం. తల్లీ తండ్రీ లేరు, నాయనమ్మ దగ్గర పెరుగుతోంది. రోజూ ముందు వరుసలో కూర్చునే పిల్లకు వరుసగా గైర్హాజరు పడుతోందని నాకు తెలుసు. ఒకనాడు నేనే నిలబెట్టి, "ఏమ్మా, నోరు ఇంట్లో పెట్టి వచ్చావా?" అన్నాను. తరగతి నవ్వింది. ఆ పిల్ల నా చెప్పుల వంక చూస్తూ నిలబడింది.

ఆ తరగతికి సాంఘిక శాస్త్రం చెప్పే టీచరుగారు మా అందరిలోకీ చిన్నవారు. రేపల్లెలో అద్దెకుంటూ రోజూ బస్సులో వచ్చేవారు. ఆమె ఆ పిల్లను ఏమీ అడగలేదు. మధ్యాహ్నం దాని పక్కనే కూర్చుని, తన డబ్బాలోని కూర కొంచెం దాని కంచంలో వేసి, మౌనంగా తినేవారు. నెల గడిచాక ఆ ఇంటికి వెళితే నాయనమ్మ చెప్పిందట: "వాళ్ళ నాయన వేటకి పోతుంటే గుమ్మంలో నిలబడి, ఏడికి నాయనా అని అడిగిందమ్మా. బోటు తిరిగి రాలా. మా కూతురు, దీని మేనత్త, ఏడుపులో నీ నోరే మింగిందే వాణ్ణి అనేసింది. ఆ రోజు నుంచి ఇది మాటాడలా." ఈ సంగతి టీచరుగారు నాకు చాలా ఆలస్యంగా చెప్పారు. మూఢనమ్మకాలు గేటు బయట పెట్టి రమ్మంటానని భయపడ్డారట. నిజమే, అలాగే అనేవాణ్ణి.

నాకు కనిపించింది వేరు. సాయంత్రం బడి వదిలాక ఆమె ఆ పిల్లతో బస్సు స్టాపులో నిలబడేవారు; బస్సు వచ్చేది, వెళ్ళిపోయేది, చివరి బస్సు దాకా ఆమె ఎక్కేవారు కాదు. చీకటి పడేలోగా ఇల్లు చేరడం ఉపాధ్యాయులకు క్షేమమని ఒకసారి హితవు కూడా చెప్పాను. ఆమె "అలాగేనండి" అని, ఆ సాయంత్రం కూడా బస్సు వదులుకున్నారు. పిల్లతో ఆమె చెప్పేది ఒక్కటేనట: "ఎక్కడికి అని నన్నడుగు. అడిగితేనే ఎక్కుతా. పొద్దున ఎనిమిదిన్నరకి ఇక్కడే దిగుతా, కావాలంటే వచ్చి చూసుకో." చాలా రోజుల తరువాత ఒక సాయంత్రం ఆ పిల్ల అడిగింది. ఎంత మెల్లగా అంటే, కండక్టరు విజిల్లో సగం కలిసిపోయిందని టీచరుగారు చెప్పారు. మర్నాడు బస్సు దిగేసరికి పిల్ల స్టాపులో ఉంది; ఆమెను తల నుంచి పాదాల దాకా చూసి, ముందు నడిచింది. మరునాడూ అడిగింది, ఆ మరునాడూ. ఎనిమిది తొమ్మిది రోజులయ్యాక, హాజరు పిలుస్తుంటే వరండాలో వెళుతున్న నాకు "ఉన్నానండి" అని కొత్త గొంతు వినిపించింది. నా నియమం ఫలించిందని తృప్తి పడ్డాను.

ఆ వారంలోనే బాపట్లలో పది రోజుల శిక్షణకు ఒకరిని పంపమని ఉత్తర్వు వచ్చింది. సీనియారిటీ జాబితాలో అడుగున ఉన్న పేరు ఆమెది. సాయంత్రం ఫోను చేసి, ఉదయం నేరుగా బాపట్ల వెళ్ళమన్నాను. "రేపొక్క పూట బడికి వచ్చి వెళ్తానండి," అన్నారు. వీలుపడదన్నాను. "అయితే ఆరో తరగతి పిల్లలకి మీరే చెప్పండి సార్, నేను తిరిగొస్తానని. ఆ మాట మాత్రం మర్చిపోకండి," అన్నారు. నేను మరచిపోలేదు. ప్రకటన రాసుకుంటూ ఆ మాట రాశాను కూడా. పది రోజులని ముందే ఉంది గనుక అది పునరుక్తి అనిపించి కొట్టివేశాను. "సాంఘిక శాస్త్రం టీచరుగారు పది రోజులు రారు. ఆ పీరియడు లెక్కల మాస్టారు తీసుకుంటారు." ఇంతే చదివాను. ఆ పిల్ల ముందు వరుసలోనే ఉంది. నేను కాగితం మడుస్తున్నాను. దాని ముఖం చూడలేదు.

పదకొండవ రోజు సాయంత్రం టీచరుగారు నా గదిలోకి వచ్చారు. "పిల్ల బడి మానేసిందండి. ప్రార్థనలో ఏమని చెప్పారు సార్?" ప్రకటనల పుస్తకం తీసి చూపించాను. ఎర్ర గీత కింద ఆ మాట స్పష్టంగానే కనబడుతోంది. "పది రోజులు రారంటే పదకొండో రోజు వస్తారనే కదమ్మా అర్థం," అన్నాను. ఆమె పుస్తకం మూసి నా ముందు పెట్టారు. "పెద్దవాళ్ళకండి," అన్నారు. అప్పుడు కూర్చుని అంతా చెప్పారు.

మర్నాడు ఇద్దరం వెళ్ళాం. పిల్ల నాయనమ్మతో రొయ్యలు ఒలిచే షెడ్డులో ఉంది. ఐసు నీళ్ళలో నాని దాని వేళ్ళు తెల్లబడి ముడతలు పడ్డాయి. "వచ్చాను చూడు," అన్నారు టీచరుగారు. అది తలెత్తి చాలాసేపు చూసింది. తడి చేత్తో ఆమె చీర అంచు ఒకసారి ముట్టుకుని, మళ్ళీ రొయ్య అందుకుంది. "రేపటి నుంచి బడికి రా తల్లీ," అన్నాను. నా గొంతు నాకే ప్రకటనలా వినిపించింది. వెళ్ళబోతూ ఆమె గుమ్మంలో ఆగారు. స్టాపులో ఆగినట్టే. రోడ్డు మీద బస్సు వచ్చింది, వెళ్ళింది. తెలిసి నేను వదులుకున్న మొదటి బస్సు అది. రెండోది కూడా వెళ్ళింది. ఆ పిల్ల అడగలేదు.

ఆ ఏడాది దాని పేరు రిజిస్టరులోంచి కొట్టివేయలేదు. నా సర్వీసులో నేను తెలిసి తప్పిన నియమం అదొక్కటే. ఖాళీ గడులు మార్చి దాకా అలాగే సాగాయి. చాలా ఏళ్ళకు తెనాలి స్టేషనులో, రేపల్లె రైలు కోసం నిలబడిన టీచరుగారు కనిపించారు. బదిలీ అయ్యేదాకా ప్రతి ఆదివారం ఆ పిల్ల ఇంటికి వెళ్ళానన్నారు. "మాట్లాడిందా అమ్మా?" అన్నాను. "లేదండి. నేను బయల్దేరితే మాత్రం గుమ్మం దాకా వచ్చి, రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడేది." రైలు వచ్చింది. ఎక్కడికని నేను అడగబోయి ఆగితే, ఆమే, "రేపల్లెకండి, రేపు వచ్చేస్తాను," అని చెప్పి ఎక్కారు.

మొన్న మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, మనుమరాలిని దగ్గరకు పిలిచాను. "ఇందాక ఏదో అడిగావు. మళ్ళీ అడుగు," అన్నాను. అది వంటింటి వైపు చూసింది. కోడలు ఏదో అనబోతే చేయెత్తి వారించాను. పిల్ల పెదవులు విడివడడానికి చాలాసేపు పట్టింది. "ఎక్కడికి తాతయ్యా?" "చేబ్రోలుకమ్మా. ఒంటిగంటకు తిరిగి వస్తాను," అని మెట్లు దిగాను. ఆనాడు ప్రార్థనలో ఈ రెండు మాటలూ చదివి ఉంటే రెండు క్షణాలు పట్టేది. నేను ఆదా చేసిన ఆ రెండు క్షణాలు ఇన్నేళ్ళయినా ఇంకా గడవలేదు.