మా మామ తిప్పిన వరుస

మా మామకు మోకాలి ఆపరేషన్ కరీంనగర్‌లో అయింది. ఆస్పత్రి నుంచి ఆయన్ని నేరుగా భైంసాలో మా ఇంటికి తీసుకొచ్చాం. జమ్మికుంటలో వాళ్ల పడకగది మేడ మీద, బాత్రూం పెరట్లో. మాదేమో కింది పోర్షన్, అన్నీ ఒక్కచోటే ఉంటాయి. వీధి చివర ఫిజియోథెరపీ చేసే అతను కూడా ఉన్నాడు. కాలు కుదుటపడేదాకా ఉంచుకుందామని మా ఆవిడ అంది, నేను సరే అన్నాను. అన్నాను గానీ లోపల బెరుకుగానే ఉంది. పెళ్లయి ఇన్నేళ్లయినా మామకూ నాకూ మధ్య మాటలు ఎప్పుడూ సాగలేదు. బాగున్నారా అంటే బాగున్నాం, అటు వానలు పడ్డాయా అంటే పడ్డాయి. ఆ తర్వాత ఇద్దరం టీవీ వైపు తిరిగేవాళ్లం.

ఆయన జమ్మికుంట మార్కెట్ యార్డులో పత్తి అడ్తి, అంటే రైతుల పత్తి అమ్మిపెట్టే కమీషన్ కొట్టు, నడిపిన మనిషి. బతుకంతా నిలబడి, గొంతెత్తి మాట్లాడాడు. నేను సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌ని. మీటర్లు చూస్తూ నోరు మెదపకుండా కూర్చోవడమే నా ఉద్యోగం. ఇద్దరినీ ఒకే హాల్లో రెండు నెలలు కూర్చోబెడితే ఏమవుతుందో నాకు తోచలేదు.

ఇంకో చిక్కు మా డైనింగ్ టేబుల్. దాని మీద ఎప్పుడూ ఏదో ఒక యుద్ధం సగంలో ఆగి ఉండేది. మేం నలుగురం కింద చాప వేసుకుని తినడానికి ఎప్పుడో అలవాటు పడ్డాం.

ఆ యుద్ధాలు పద్దెనిమిదో శతాబ్దపు యూరప్‌వి. అప్పటి సైన్యాలు భుజానికి భుజం ఆనించి పొడవాటి వరుసల్లో నిలబడేవి. అట్లాగే ఎదురెదురుగా నడిచి, దగ్గరికొచ్చాక అందరూ ఒక్కసారి తుపాకులు పేల్చేవాళ్లు. వాటిని చిన్న చిన్న బొమ్మ సైనికులతో బల్ల మీద ఆడుకునేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. బొమ్మల్ని స్కేలుతో కొలిచి జరపాలి. తుపాకులు పేలిస్తే ఎవరికి తగిలిందో పాచికలు వేసి తేల్చాలి. చదరంగం లాంటిదే, కాకపోతే ఇందులో గళ్లు ఉండవు, బంట్లకు భయం ఉంటుంది. నాకు ఈ పిచ్చి ఫోన్లో వీడియోలు చూస్తూ పట్టుకుంది. సీసం బొమ్మలు బయటి దేశాల నుంచి తెప్పించుకునే స్తోమత లేక, కాగితం మీద రంగుల సైనికుల్ని ప్రింటు తీసి పెళ్లికార్డుల అట్టకు అంటించి నిలబెట్టాను. నీలం కోట్లవాళ్లు ప్రష్యా, తెల్ల కోట్లవాళ్లు ఆస్ట్రియా. బోర్లా తిప్పితే ఏదో ఒక పటాలం కింద ఎవరిదో శుభముహూర్తం కనబడుతుంది.

నియమాల పుస్తకం మాత్రం నాకు కొరుకుడు పడలేదు. అది పెద్ద పెద్ద క్లబ్బుల్లో, రెండు మంచాలు కలిపినంత బల్లల మీద, పొద్దంతా ఆడేవాళ్ల కోసం రాసింది. అంగుళాలను సెంటీమీటర్లు చేశాను, పటాలాలను సగానికి తగ్గించాను. అయినా ఎక్కడో ఒకచోట తేడా కొట్టేది. అదీగాక భైంసాలో నాతో ఆడేవాడు లేడు. రెండు పక్కలా నేనే ఆడుకునేవాణ్ణి.

మామ వచ్చే ముందు బల్ల ఖాళీ చేయమని మా ఆవిడ చెప్పింది. చేద్దామనుకుంటూనే ఉన్నాను, ఈలోపు కారు వచ్చింది. మూడో రోజున మామ వాకర్ పట్టుకుని మెల్లగా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"గిదేంది అల్లుడా?"

"ఆట మామా."

"పిల్లలదా?"

"నాదే."

ఆయన నవ్వలేదు. వంగి చూశాడు. "గీ తెల్లంగీలోళ్లు గట్ల బయిలు మీద లైన్ కట్టి నిలవడ్డరేంది? ఏ గట్టు సాటుకో దాసుకోరాదా?"

"అప్పటి తుపాకులు గురికి తగిలేటియి కావు మామా. ఒక్కడు పేలిస్తె ఎటో పోతది. అందరు కలిసి ఒక్కపారి పేలిస్తెనే కొందరికన్న తగులుతది. అందుకే కలిసి నిలబడాలె."

"అయితే మంది ఎక్కువున్నోడు గెలుస్తడు."

"కాదు. ఉరకకుంట నిలబడ్డోడు గెలుస్తడు."

మామ కుర్చీ జరుపుకున్నాడు. "నాకు గా నీలమోళ్లను ఇయ్యి," అన్నాడు.

ఆయన ఆడే పద్ధతి మార్కెట్ యార్డు పద్ధతి. తెల్లారగానే గేటు తెరిచినట్టు అన్ని పటాలాలనూ ఒక్కసారి ముందుకు తోలేవాడు. ఫిరంగులు వెనకబడ్డా పట్టించుకునేవాడు కాదు. నా తెల్లకోట్లు కదలకుండా నిలబడి, దగ్గరికి రానిచ్చి పేల్చేవి. ఆయన ఓడేవాడు. ఓడినందుకు కోపం రాలేదు. నేను లెక్కలు కట్టడానికి తీసుకునే సమయానికి మాత్రం కోపం వచ్చేది. పుస్తకం ప్రకారం ఒక్కసారి తుపాకులు పేలిస్తే దూరానికి ఇంత, పొగకు ఇంత, అలసటకు ఇంత, ఎత్తుపల్లాలకు ఇంత అని కూడికలు, తీసివేతలు చేయాలి. ఫిజియో అతను చెప్పిన ప్రకారం మామ కుర్చీలో కూర్చునే కాలు చాపి ముడిచే కసరత్తు చేయాలి. నేను లెక్క మొదలుపెడితే ఆయన కసరత్తు మొదలుపెట్టేవాడు. కసరత్తు అయిపోయాక కూడా నేను కూడుతూనే ఉండేవాణ్ణి.

"గా సిపాయి తుపాకి నింపుడు సుత గింత ఆలిశం కాదు," అన్నాడొకనాడు.

నిజమే అనిపించింది. ఆ రాత్రి డ్యూటీలో కూర్చుని పట్టికలు కొట్టేశాను. దగ్గరా దూరమా, నిలబడి ఉన్నారా నడుస్తున్నారా, ఈ రెండే ఉంచాను. మర్నాడు ఆట అన్నం వేళకే ముగిసింది. నాకు ఆశ్చర్యమేసింది, ఏమీ పోయినట్టు అనిపించలేదు.

రెండో మార్పు మామకు తోడుగా వచ్చిన మా అత్తమ్మ వల్ల వచ్చింది. ఆమె సోఫాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మా మాటలు వింటూ ఉండేది. ఒకరోజు పళ్లెం పక్కన పెట్టి లేచింది.

"ఇంట్ల కాలుకు కుట్లున్న మనిషున్నడు. పొద్దటిసంది సచ్చిండు, ముగ్గురు సచ్చిండ్రు, ఇద్దరు సచ్చిండ్రు అనుకుంట కూసున్నరు. నాకు మంచిగనిపిస్తలేదు."

"బొమ్మలే గదనే," అన్నాడు మామ.

"బొమ్మలైతేంది. ఇంకో మాట దొరకదా?"

వంటింట్లోంచి మా ఆవిడ అంది. "ఇంటికి పోయిండ్రు అనుండ్రి."

ఆ మాట అట్లా స్థిరపడింది. నీ ఎడమ పటాలంలో ఇద్దరు ఇంటికి పోయిండ్రు, నీ గుర్రాల్లో ఒకడు ఇంటికి పోయిండు. మొదట నవ్వుకుంటూ అన్నాం, తర్వాత నవ్వకుండానే అనడం అలవాటైంది. అట్లా అంటూ ఉండగానే మామకు అనుమానం వచ్చింది.

"ఇంటికి పోయినోడు మల్ల రాడా? మా అడ్తిల గుమాస్తా అలిగి ఇంటికి పోయేటోడు, పొద్దుగూకకముందే మల్లొచ్చేటోడు."

నేను పాచికలు కింద పెట్టాను. అప్పటి యుద్ధాల గురించి నేను చదివినదాన్లోనూ ఉన్నది అదే. వరుసలోంచి తగ్గిపోయిన వాళ్లంతా చచ్చిపోయినవాళ్లు కారు. దెబ్బ తగిలినవాణ్ణి మోసుకెళ్లి తిరిగి రానివాళ్లు, పొగలో దారి తప్పినవాళ్లు, భయపడి వెనక్కి ఉరికినవాళ్లే ఎక్కువ. జెండా కనబడితే వాళ్లలో చాలామంది మళ్లీ వచ్చి చేరేవాళ్లు. నా పుస్తకంలో మాత్రం తీసేసిన బొమ్మ తీసేసినట్టే. ఈ సంగతి చెప్తే మామ బల్ల మీద చేయి చరిచాడు. "నేనెప్పుడో అనుకున్న," అన్నాడు.

ఆ సాయంత్రమే ఇద్దరం కలిసి నియమం కట్టాం. ఇంటికి పోయినవాళ్లను డబ్బాలో వేయకుండా వాళ్ల పటాలం జెండా వెనకాల పడుకోబెట్టాలి. ఆ పటాలం ఒక దఫా పేల్చకుండా, జరగకుండా ఊరుకుంటే ఒక్కొక్కరికీ పాచిక వేయాలి. ఐదో ఆరో పడితే ఆ మనిషి లేచి వరుసలో నిలబడతాడు. ఆట రూపమే మారింది. అంతకుముందు రెండు సైన్యాలూ ఒకదాన్నొకటి అరగదీసుకుని బల్ల ఖాళీ అయ్యేది. ఇప్పుడు పటాలాలు వెనక్కి తగ్గేవి, ఊపిరి తీసుకునేవి, మళ్లీ వచ్చేవి. టీ ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా అత్తమ్మ, "ఎందరొచ్చిండ్రు?" అని అడగడం మొదలుపెట్టింది. ఎవరూ రాలేదంటే కప్పు కాస్త గట్టిగా పెట్టేది.

ఇక ఆ ఆదివారం సంగతి. మామను చూడటానికి జమ్మికుంట నుంచి ఆయన తమ్ముడు, మరదలు వచ్చారు. మెట్‌పల్లి నుంచి అత్తమ్మ చెల్లెలు, ఆమె భర్త వచ్చారు. ఆమె భర్త మంచి ఒడ్డూ పొడవూ ఉన్న మనిషి. వంట ఇంకా కాలేదు. మామ, నేను బల్ల దగ్గర ఉన్నాం, మిగతావాళ్లు చుట్టూ నిలబడి చూస్తున్నారు. నా గుర్రాలు పక్కనుంచి వచ్చి ఆయన వరుస కొసకు చేరాయి. మామ తన వరుసనంతా ఎత్తి గుర్రాల వైపు తిప్పి పెట్టాడు.

"గట్ల ఒక్క దఫాల తిరగది మామా," అన్నాను.

"ఎందుకు తిరగది? ఎడమకు తిరుగుండ్రి అంటే తిరుగుతరు. అయిపాయె."

"ఎవలకు వాళ్లు తిరిగితే ఒకని ఎనుక ఒకడు అయితడు. వరుస వరుసగనే తిరగాలె. తలుపు తిరిగినట్టు. ఒక కొస ఉన్నకాడనే ఉంటది, ఇంకో కొస మస్తు దూరం నడవాలె."

"నడుస్తడు తియ్యి. సిపాయే గదా."

"గింత జల్ది నడవలేడు."

"నడుస్తడు."

మామ తమ్ముడు మధ్యలోకి వచ్చాడు. "కొట్లాటెందుకు? మనమే నిలవడి చూద్దాం. పైన స్లాబు ఖాళీగనే ఉన్నది గదా."

అందరూ నవ్వుతూనే పైకి నడిచారు. వంట వదిలేసి మా ఆవిడ కూడా వచ్చింది. మామ తమ్ముణ్ణి మలుపు కొసన నిలబెట్టాం, మెట్‌పల్లి ఆయన్ని అవతలి కొసన. మధ్యలో అత్తమ్మ, ఆమె చెల్లెలు, మరదలు, మా ఆవిడ, మా ఇద్దరు పిల్లలు. భుజాలు ఆనించుకోమన్నాను.

"నడువుండ్రి," అని వెనకనుంచి గొంతు వినిపించింది. యార్డులో బస్తాల మీదినుంచి వినిపించే గొంతు అది.

వరుస కదిలింది. మామ తమ్ముడు ఉన్నచోటే అడుగులేస్తున్నాడు. మెట్‌పల్లి ఆయన పెద్ద పెద్ద అంగలు వేసి, అవి చాలక ఉరకడం మొదలుపెట్టాడు. మధ్యలో వాళ్లు ఎవరిని చూసి నడవాలో తెలియక విల్లులాగా వంగారు. అత్తమ్మ చెల్లెలు కొంగు సర్దుకోవడానికి ఆగింది. అక్కడ వరుస తెగింది. తెగిన ముక్క వాటర్ ట్యాంకు వైపు పోయింది. మెట్‌పల్లి ఆయన ఒక్కడే తిరగాల్సిన చోటికి చేరి, నడుం మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ నిలబడ్డాడు.

పక్కింటి స్లాబు మీద మిరపకాయలు ఎండబెడుతున్న మరాఠీ ఆమె పిట్టగోడ దగ్గరికి వచ్చింది. వాళ్లలో వదినను వైనీ అంటారు, మా ఆవిడను అట్లాగే పిలుస్తుంది. "ఏం నడుస్తుంది వైనీ, కసరతా?" అంది.

"అవును, మా బాపు చేపిస్తుండు," అంది మా ఆవిడ.

మామ తెగిన వరుసను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. తర్వాత, "మల్ల చెయ్యుండ్రి. ఈపారి జర మెల్లగ. షడ్డకా, నువ్వు ఉరకకు. అందరు షడ్డకుని దిక్కు చూడుండ్రి," అన్నాడు.

ఈసారి అవతలి కొస మామూలుగా నడిచింది, లోపలివాళ్లు అడుగు చిన్నది చేశారు. చాలాసేపు పట్టింది. కానీ వరుస ఎక్కడా తెగకుండా, మా ఆవిడ భుజానికి అత్తమ్మ భుజం ఆనుకుని, తలుపు తెరుచుకున్నట్టే తిరిగింది. అందరూ ఒక్కసారి ఆగి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎందుకో అందరికీ చెప్పలేనంత సంతోషమైంది.

"రెండు తీర్ల రాసుకో," అన్నాడు మామ. "మెల్లగ తిప్పితే రెండు దఫాలు, వరుస మంచిగుంటది. జల్ది తిప్పితే ఒక్క దఫానే, కని ఎందరు చెదిరిండ్రో పాచిక ఎయ్యాలె."

నేను అనుకున్నదానికంటే, ఆయన అన్నదానికంటే కూడా ఇది మేలు. రాసుకుంటానని తలూపుతుంటే, మా ఆవిడ కళ్లు పెద్దవి చేసి మెట్ల వైపు, ఆయన వైపు మార్చి మార్చి చూస్తోంది.

"బాపు, నువ్వు పైకెట్లొచ్చినవే?"

అప్పుడు చూశాం. వాకర్ కింద హాల్లోనే ఉండిపోయింది. మెట్లెక్కవచ్చని ఫిజియో అతను ఎప్పుడో చెప్పాడు గానీ, మామ మొదటి మెట్టు మీదే చెమటలు పట్టి వెనక్కి వచ్చేవాడు. మేమూ ఒత్తిడి చేయడం మానుకున్నాం. ఈ గోలలో రెయిలింగు పట్టుకుని అందరి వెనకాలా ఎక్కేశాడు. ఎవరం చూడలేదు.

"ఎక్కిన గదా," అన్నాడు, తనకూ అప్పుడే తెలిసినట్టు. అత్తమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. దిగడానికి మాత్రం భయపడ్డాడు. తమ్ముడు ముందు, నేను వెనకాల, ఒక్కో మెట్టూ ఆగుతూ దిగాం. పప్పు అడుగంటింది. ఆ మాడు వాసన పప్పే అందరం రెండోసారి వేసుకుని తిన్నాం.

కాలు కుదిరాక వాళ్లు జమ్మికుంట వెళ్లిపోయారు. హాలు బోసిపోయింది. నేను మళ్లీ రెండు పక్కలా ఆడదామని కూర్చున్నాను గానీ, నీలం కోట్లను అంత తొందరపాటుగా నడిపించడం నాకు చేతకాలేదు. ఒకరోజు మామ నుంచి ఫోన్ వచ్చింది. వచ్చేటప్పుడు బొమ్మలు పట్టుకు రమ్మన్నాడు, ఎందుకో చెప్పలేదు.

మిఠాయి డబ్బాల్లో సర్దుకుని, నిర్మల్‌లో ఒక బస్సు, కరీంనగర్‌లో ఒక బస్సు మారి వెళ్లాను. మేడ మీది గదిలో కిటికీ పక్కన కొత్త బల్ల ఉంది. వడ్రంగి చేత ప్లైవుడ్ కోయించి, ఆకుపచ్చ రంగు వేయించాడు. మధ్యలో నీలం గీత ఒకటి వంకర తిరిగి పోతోంది. ఒక మూల చిన్న గుట్ట, దాని కింద తెల్లచుక్కలు పెట్టిన పెద్ద ముక్క.

"గిదేం ఊరు మామా?"

"మనదే. గది వాగు. గది మా పెద్దనాయిన బాయి. గీ తెల్లగున్నది పత్తి చేను."

ప్రష్యా, ఆస్ట్రియా ఆ వాగుకు అటూ ఇటూ నిలబడ్డాయి. మామ తొందరపడలేదు, ఫిరంగుల్ని గుట్ట మీదికి ఎక్కించేదాకా ఆగాడు. నేను మాత్రం అడ్డదారిన పోదామని తెల్లకోట్ల పటాలాన్ని పత్తి చేనులోకి దింపాను. స్కేలు తీసేలోపే ఆయన నా చేయి పట్టుకున్నాడు.

"పూతకొచ్చిన చేన్ల వరుస పట్టుకోని నడుస్తరా? సగమే జరుపు."

"పుస్తకంల చేన్ల గురించి లేదు మామా."

"లేకుంటే రాయి," అన్నాడు.

నేను సగమే జరిపాను. కింద నుంచి అత్తమ్మ, ఎందరొచ్చిండ్రని అడుగుతోంది.