గులాబీ అచ్చు, నానమ్మ పేకాట

ఆ పిల్లకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుండేది. బాబాయి వర్క్‌షాపులో అడుగుపెట్టిన కొన్నాళ్లకే అది కాస్తా అటకెక్కింది. అప్పటినుంచీ అందరికీ ఆమె ‘చాదస్తం’. బిగించిన స్క్రూ మళ్లీ విప్పి చూసేది, చూసి మళ్లీ బిగించేది. అలాంటి మనిషిని బాబాయి బిల్లుల బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. కూర్చుందా? ఊహూఁ! మూల పడున్న పాత మిల్లింగ్ మెషిన్‌కు మోటార్లు తగిలించి, దానికో కంప్యూటర్ కట్టి, ఎవరూ చక్రం తిప్పే పని లేకుండా అల్యూమినియం చెక్కించింది. మొదటి ముక్క సరిగ్గా తెగిన రోజు షెడ్డంతా గంతులేసింది. బాబాయి కూడా వేశాడు గానీ, తర్వాత ఒప్పుకోలేదు.

ఆ కంప్యూటరే ఒక పొద్దున కాస్త పొగ వదిలి ప్రాణం విడిచింది. అదీ ఎప్పుడు? సబ్బులావిడ పని ఒప్పుకున్నాక! పక్క వీధిలో ఇంట్లోనే సబ్బులు పోసి అమ్మే ఆవిడకు గులాబీ రేకులు చెక్కిన అచ్చు కావాలి.

బాబాయి ఊరుకుంటాడా? ఆ సాయంత్రమే కొత్త కంప్యూటర్ మోసుకొచ్చాడు. అద్దాల పెట్టె, లోపల ఎరుపూ నీలమూ లైట్లు గిర్రున తిరుగుతున్నాయి.

“కొట్లో దీన్ని మించిన స్పీడు లేదటమ్మా!” అన్నాడు పెళ్లికొడుకు తండ్రిలా ఛాతీ విరిచి.

“పరీక్ష పెట్టాలి బాబాయ్,” అంది చాదస్తం.

ఇక్కడో సంగతి చెప్పకపోతే మీరూ బాబాయిలాగే ఆ పిల్లను తిట్టుకుంటారు. మెషిన్ నడిపే కంప్యూటర్ మోటార్లను క్షణం తీరిక లేకుండా తడుతూ ఉండాలి. ప్రతి తట్టూ వేళకు పడాలి. ఒక్కటి ఆలస్యమైనా మోటారు తడబడి, కత్తి దారి తప్పుతుంది. అంటే ఇక్కడ వేగం కాదు, వేళ ముఖ్యం. అందుకని ఆలస్యాన్ని కొలిచే ప్రోగ్రామ్ ఒకటి పెట్టి, అది నడుస్తుండగా కంప్యూటర్‌ను నానా హింసలూ పెట్టాలి. పాటలు పెట్టాలి, పెద్ద పెద్ద ఫైళ్లు కాపీ చేయాలి, విండోలు పట్టుకుని అటూ ఇటూ ఈడ్వాలి. అన్నీ ఓర్చుకుని వేళ తప్పకపోతేనే అది పనికొచ్చే కంప్యూటర్.

లైట్ల పెట్టె రెండో పాటకే తడబడింది.

“పైన పటారం, లోన లొటారం!” అంది చాదస్తం, నోరు ఊరుకోక. బాబాయి ముఖం మాడిపోయింది.

మర్నాడు ఏదో ఆఫీసువాళ్లు పారేస్తున్న సామాన్ల కుప్పలోంచి సొట్టపడిన బూడిద రంగు పెట్టె ఒకటి చంకనేసుకొచ్చింది.

“దాన్ని చెత్తబండివాడు కూడా ఎక్కించుకోడే!” అన్నాడు బాబాయి.

హింస మొదలైంది. చాదస్తం పాటలు పెట్టింది. బాబాయి కచ్చగా విండోలు ఈడ్చాడు. ఇంట్లోంచి నానమ్మను కూడా పిలిచి మౌస్ చేతికిచ్చి, తెర మీద పేకాట పెట్టారు. నానమ్మంటే బాబాయి తల్లి. ఒకప్పుడు ఈ షెడ్డులోనే తాతయ్య పక్కన నిలబడి డ్రిల్లింగ్ మెషిన్ నడిపిన మనిషి. ఇప్పుడు చెంబు ఎత్తబోయినా “నువ్వు కూర్చో అమ్మా” అనేవాళ్లే. కూర్చుని కూర్చుని, పగలంతా కునికిపాట్లు పడేది. పేకాట దొరికేసరికి ముసలావిడ కళ్లు మెరిశాయి. ఇంతమంది పీడించినా సొట్టపెట్టె ఒక్క తట్టూ ఆలస్యం చేయలేదు.

“సరే, నీ మాటే కానీ,” అన్నాడు బాబాయి. “కానీ ఈ అచ్చు చెడిందా, మెషిన్ తీసేస్తా. నువ్వు బిల్లుల బల్ల దగ్గర కూర్చుంటావు, మళ్లీ నోరెత్తకూడదు.”

“ఎత్తితే అడుగు!” అంది చాదస్తం.

సబ్బులావిడ సాయంత్రం వస్తానన్న రోజు, ముందుగా చెక్క మీద చెక్కి చూద్దామనుకుంది. కంప్యూటర్ దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు. నానమ్మ ఆటను మధ్యలో ఆపించి పంపేసింది. షెడ్డు నిశ్శబ్దం. ఒక రేకు, రెండు రేకులు... టక్! మూడోది పక్కకు జరిగింది. ఇంకో చెక్క పెట్టింది. మళ్లీ టక్!

“ఏం రత్నాన్ని ఏరుకొచ్చావమ్మా!” అని బాబాయి నవ్వాడు. చాదస్తానికి ఏడుపొక్కటే తక్కువ. బిల్లుల బల్ల అటు పక్కనుంచి రా రమ్మంటోంది.

అప్పుడు నానమ్మ గుమ్మంలోంచి తొంగిచూసింది. “ఏమే, నా ఆట సగంలో ఉంది. ఆడుకోనా?”

“ఆడుకో నానమ్మా, మునిగాక చలేమిటి!”

చాదస్తం ఆఖరి చెక్క బిగించింది. కత్తి తిరుగుతూనే ఉంది, నానమ్మ ఆడుతూనే ఉంది. మూడో రేకు పడింది. నాలుగు, అయిదు... ముత్యాల్లా! ఇంతలో నానమ్మ కళ్లజోడు తుడుచుకోవడానికి మౌస్ వదిలింది. టక్!

“బాబాయ్! ఇది నిద్రపోతోంది!” చాదస్తం కుర్చీ మీంచి ఎగిరి గంతేసింది. “ఆఫీసులో పెరిగింది కదా! పని లేకపోతే కరెంటు ఆదా అని కునుకు తీస్తోంది. లేచేసరికి ఆలస్యం. హింస పెట్టి చూశాం గానీ, ఊరికే వదిలి చూడలేదు!”

“అయితే ఆ నిద్ర మాన్పించు!”

“ఆ సెట్టింగుకి ఆఫీసువాళ్లు పాస్‌వర్డ్ వేశారు. ఇప్పటికిప్పుడు కుదరదు.”

ఇద్దరూ ఒకేసారి నానమ్మ వైపు తిరిగారు.

ఇక చూడాలి ఆ వైభోగం! అల్యూమినియం ముక్క బిగించారు. నానమ్మకు వీపు వెనక దిండు, కాళ్ల కింద పీట. నిన్నటిదాకా “కూర్చో అమ్మా” అన్న కొడుకే ఇప్పుడు “ఆగకమ్మా, ఆడమ్మా!” అంటూ టీ పట్టిస్తున్నాడు, ఫ్యాను తిప్పుతున్నాడు.

“ముక్కు దురద పెడుతోందిరా,” అంది నానమ్మ.

“నేను గోకుతా, నువ్వు మౌస్ వదలకు!”

సబ్బులావిడ వచ్చింది. అచ్చు సంగతి అడగబోయి, తెర చూసి ఆగిపోయింది. “అయ్యో, ఆ ఎర్ర ఏడు తీసి నల్ల ఎనిమిది కింద పెట్టండి పిన్నిగారూ!”

“నాకు తెలుసులేవమ్మా, వస్తున్నా!”

చిట్టచివరి రేకు తెగి కత్తి పైకి లేచింది. చాదస్తం పొట్టు ఊదేసి చూసింది. గులాబీ! ఒక్క రేకూ చెదరలేదు. నలుగురూ కలిసి పెట్టిన కేకకు వీధిలోవాళ్లు తొంగిచూశారు. నవ్విన నాపచేనే పండిందని చాదస్తం అనబోయింది గానీ, బాబాయి అప్పటికే ఆమె కుర్చీని బిల్లుల బల్ల దగ్గర్నుంచి ఎత్తి తెచ్చి మెషిన్ పక్కన వేస్తున్నాడు. బిల్లులు ఇక తానే రాసుకుంటాడట.

తర్వాత పాస్‌వర్డ్ దొరికింది. చాదస్తం కంప్యూటర్‌కు కునుకు మాన్పించింది. ఎవరూ ముట్టుకోకపోయినా వేళ తప్పకుండా నడుస్తోంది. ఆ మాట నానమ్మకు చెప్పాలి. రోజూ పొద్దున్నే జడ వేసుకుని, దిండు చంకలో పెట్టుకుని, “పదవే, డ్యూటీకి టైమైంది” అంటూ వచ్చే మనిషికి ఎలా చెప్తుంది? ఆ మనిషి ఇప్పుడు కునికిపాట్లు పడడమే లేదాయె!

చివరికి నానమ్మే దగ్గరికి పిలిచింది. “నిన్న ఆట మధ్యలో కావాలనే మౌస్ వదిలేశాను. మెషిన్ తడబడలేదు. బాగుచేసేశావు కదూ?”

చాదస్తం తల వంచుకుంది. “చేసేశాను నానమ్మా.”

“మీ బాబాయికి మాత్రం చెప్పకే తల్లీ. చెప్తే నన్ను మళ్లీ ఇంట్లో కూర్చోబెడతాడు.”

చాదస్తం నవ్వు ఆపుకుంటూ బయటికొచ్చింది. గుమ్మం దగ్గర బాబాయి టీ గ్లాసుతో ఎదురొచ్చి, లోపలికి ఓసారి తొంగిచూసి, గొంతు బాగా తగ్గించాడు.

“ఆ కునుకు సంగతి ఎప్పుడో బాగుచేసేశావని నాకు తెలుసులే. అమ్మకి మాత్రం చెప్పకు.”

అని, గ్లాసు పట్టుకుని లోపలికి పరిగెత్తాడు. “అమ్మా! మౌస్ వదలకమ్మా, వస్తున్నా!”