ఒసాకాకు పదిమంది

కోదండరాంకు చెడుగుడు ఆడటం రాదు. పన్నెండేళ్ళుగా ఉత్తర మద్రాసు చెడుగుడు సంఘానికి ఆయనే కార్యదర్శి. ఈ రెండింటికీ పొత్తు కుదరదని ఆ సంఘంలో ఎవరికీ ఎన్నడూ తోచలేదు.

పగలు ఆయన రేవు దగ్గర ఒక ఆఫీసులో గుమాస్తా. సాయంత్రం ఐదున్నర దాటితే కార్యదర్శి. నలభై ఆరేళ్ళ బతుకులో ఆయన సాధించిందల్లా తీర్మానాలు రాయడం, దండలు తెప్పించడం, పెద్దమనుషుల పక్కన నిలబడి ఫొటో దిగడం. ఆ ఫొటోలు ఇంట్లో గోడ నిండా ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ ఆయన మధ్యలో లేడు. కుర్చీల వెనక, ఏదో ఒక అంచున, మెడ సాచి కనబడతాడు.

పందొమ్మిది వందల యాభై ఏడు వేసవిలో జపాన్ నుంచి సంఘానికి ఉత్తరం వచ్చింది. ఒసాకా నగరంలో జరగబోయే ఒక వర్తక ప్రదర్శనలో ఇతర దేశాల ఆటలు చూపిస్తారట. చెడుగుడు ఆడేవాళ్ళను పదిమందిని పంపితే ఐదుగురేసి రెండు జట్లుగా ఆడిస్తామనీ, ఓడ టిక్కెట్లు, పదిహేను రోజుల తిండీ బసా తమవేననీ రాశారు.

సంఘం అధ్యక్షుడు తిరువేంగడం శెట్టి. సౌకార్‌పేటలో ఎండుమిరపకాయల టోకు వ్యాపారి. ఆయన దుకాణం మేడమీద, తుమ్ములూ దగ్గుల మధ్య సమావేశం జరిగింది. ఎవరెవరు ఆడాలన్న ప్రశ్న ఆ సాయంత్రం రానేలేదు.

"ఆడ ఏం తింటారయ్యా?" అని అడిగాడు శెట్టి.

కోదండరాం అప్పటికే ఎవరి దగ్గరో యాత్రికుల పుస్తకం ఒకటి అరువు తెచ్చి, ముఖ్యమైన పుటల్లో కాగితం ముక్కలు పెట్టుకుని ఉన్నాడు.

"అన్నమే సార్, మన మాదిరిదా. అయితే దానిమీద పచ్చిచేప పెట్టుకుంటారు."

"రామరామ! ఉడకబెట్టరా?"

"ఊహూ. ఇంకొకటుంది సార్. ఎనిమిది కాళ్ళ సముద్రపు జంతువు. దాన్ని ముక్కలు చేసి పిండిలో వేసి, మన గుంతపొంగణాల మాదిరే గుంతల పెనంమీద కాల్చి వీధిలో అమ్ముతారంట."

"నువ్వు తింటావా?"

"నేను నాయుడు బిడ్డను సార్. ఏదైనా ఒక చూపు చూస్తా."

శెట్టి మాత్రం అటువంటి చూపు చూడదలచుకోలేదు. "అయితే మన వంటాయన రావాల్సిందే," అన్నాడు. అలా వంటాయన ఆ జట్టులో మొదటి ఆటగాడయ్యాడు.

రెండో ఆటగాడు శెట్టి. మూడోవాడు ఆయన బావమరిది. అతణ్ణి వదిలి వెళితే ఇంట్లో అన్నం పుట్టదు. ఓడలో శెట్టికి కడుపు తిప్పితే చూడటానికి వైద్యుడు. ఉపాధ్యక్షుడూ కోశాధికారీ పదవుల రీత్యా. కోదండరాం, ఒసాకాలో దారులు తెలిసినవాడు తానొక్కడే గనక. మిగిలిన మూడు చోట్లు ఆటగాళ్ళకు వదిలారు. ఆ ఉదారత మరుసటి వారం దాకా నిలవలేదు. ఉపాధ్యక్షుడి కొడుకు ఒకడు, శెట్టి పొరుగు దుకాణదారు ఒకడు చేరారు. ఆటగాళ్ళ కోసం ఒక్క చోటు మిగిలింది.

కోదండరాం పదిహేను రోజుల కార్యక్రమం ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. మొదటి రోజు కోట. రెండు, మూడు రోజులు రైలెక్కి పక్క ఊళ్ళలో పెద్ద బుద్ధుడు, గుళ్ళు. తరవాత బొమ్మలాట, వేడినీటి స్నానం, కాలవ పక్కన రంగుదీపాల వీధి, ఆడవాళ్ళకు పట్టుచీరల్లాంటివి దొరికే అంగళ్ళు. పదకొండో రోజు కింద మాత్రం, "ఉదయం కోట రెండోసారి. మధ్యాహ్నం ఆట, వీలును బట్టి" అని ఉంది.

మిగిలిన ఆ ఒక్క చోటు ఏళుమలైది. ఏళుమలై పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో సమ్మెట కొట్టే మనిషి. ముప్పై మూడేళ్ళవాడు. సంఘం గెలిచిన కప్పులన్నీ అతని మోకాళ్ళ తోలు ఊడగా వచ్చినవే. ఎడమ మోకాలు ఇంకో ఏడాదికి మించి పనికిరాదని అతనికి తెలుసు. చెడుగుడు పేరైనా వినని జనం ముందు ఒక్కసారి ఆడాలని అతని ఆశ. సెలవుకు అర్జీ పెట్టాడు. క్వార్టర్సులో అందరికీ చెప్పుకున్నాడు కూడా. అది తెలివితక్కువ పని.

"సార్, నేనొక్కణ్ణే ఎట్లా ఆడేది?" అని ఒకరోజు అడిగాడు.

"ఏమప్పా, జపాన్‌వాడు చెడుగుడు చూసినాడా? మనం ఏది ఆడితే అదే చెడుగుడు," అన్నాడు కోదండరాం.

ఇంతలో చిక్కు వచ్చింది. పదిమంది పేర్లూ ఆటగాళ్ళుగా రాసి పంపారు గదా, టిక్కెట్లు ఇచ్చే ముందు ఒక ఆట చూస్తానని ప్రదర్శన వాళ్ళ తరఫు జపాన్ పెద్దమనిషి మద్రాసు వచ్చాడు. ఆదివారం పొద్దున పెరంబూరు మైదానంలో అని ఏర్పాటైంది. ఒక పక్క వంటాయనతో కలిపి సంఘం పెద్దలు ఐదుగురు. వాళ్ళ ఎదట ఏళుమలై, అతని వర్క్‌షాపు స్నేహితులు నలుగురు.

శనివారం కోదండరాం ఏళుమలైని మైదానంలో ఒక పక్కకు పిలిచాడు.

"రేపు మీరు ఓడాలప్పా."

"ఓడేదా? మీ చేతిలోనా?"

"మేం గెలిస్తే టిక్కెట్లొస్తాయి. టిక్కెట్లొస్తే నువ్వొస్తావు. పట్టుకున్నట్టు పట్టుకో, వదిలేయ్. తాకితే పడిపో. అంతేదా."

ఏళుమలై చాలాసేపు ఇసుక కెలికాడు. తరవాత స్నేహితులతో మాట్లాడాడు. వాళ్ళు నవ్వి, నీకోసం పడతాంలే అన్నారు.

ఆదివారం శెట్టి నిక్కరు వేసుకుని బరిలో దిగాడు. ఆ దృశ్యాన్ని వర్ణించడం పాఠకులకు అపకారం. కోదండరాం కూతకు వెళ్ళాడు. నాలుగు "చెడుగుడు"లకే ఊపిరి ఆగి, గీతకు ఇవతలే గుటక వేశాడు. అయినా ఏళుమలై తనే ముందుకొచ్చి తాకించుకుని, అమాంతం వెల్లకిలా పడ్డాడు. అతని స్నేహితులు ఒకరి తరవాత ఒకరు పడ్డారు. నిజంగా ఆడినవాడు వంటాయన ఒక్కడే. రుబ్బురోలు దగ్గర ముదిరిన చేతులు ఆయనవి. అంతకుముందు ఏళుమలై కూతకు వచ్చినప్పుడు అతని నడుం పట్టుకుని, పట్టు సడలించడం తెలియక, అలాగే ఉండిపోయాడు.

జపాన్ పెద్దమనిషి చప్పట్లు కొట్టి, నడుం వంచి నమస్కారం చేసి వెళ్ళాడు. టిక్కెట్లు ఖాయమని వారం తిరక్కుండానే ఉత్తరం వచ్చింది.

ఆ మర్నాటి సమావేశంలో శెట్టి గొంతు సవరించుకున్నాడు.

"ఆ ఏళుమలై మన చేతిలో ఓడిపోయినాడు గదా. ఓడిపోయినవాణ్ణి తీసుకుపోతే నలుగురూ ఏమనుకుంటారు? బదులు ఒక ఫొటోగ్రాఫర్‌ను పిలుచుకుపోతే, చూసిందంతా పటాల్లో ఉంటుంది."

అందరూ ఒప్పుకున్నారు. ఆ ఓటమి ఎలా జరిగిందో గదిలో ఒకరికి పూర్తిగా తెలుసు. ఆ ఒక్కడే తీర్మానం రాశాడు. రాస్తూ, తాము నిజంగానే గెలిచామేమో అని కూడా కొంత నమ్మాడు.

మరుసటి ఆదివారం పెరంబూరు వెళ్ళి కోదండరాం ఆ సంగతి చెప్పాడు. ఏళుమలై భార్య అంజలై వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

"మీరే గదా సార్ పడమన్నింది?" అన్నాడు ఏళుమలై.

"పడమన్నా. అంత బాగా పడమన్నానా? చూసినవాళ్ళు నమ్మేసినారప్పా, నేనేం చేసేది?"

అంజలై చేట కింద పెట్టింది. మాట మాత్రం మొగుడితోనే అంది. "ఇరవై ఏండ్లు నన్నెవురూ పడెయ్యలేదని చెప్పుకుంటివే. కడాకి ఈయన కోసరం నీ అంతట నువ్వే పడితివి. నీకు కావాల్సిందే."

కోదండరాం ఇంకా వెళ్ళకుండా నిలబడి ఉన్నాడు. ఆయన వచ్చిన అసలు పని మిగిలే ఉంది.

"అది కాదప్పా... ఆడ మాలో ఎవురికీ ఆట రాదు. కూతకు నేనుదా పోవాల. ఊపిరి ఎట్లా పట్టాలో కొంచెం నేర్పియ్యి."

ఏళుమలై లేచి, క్వార్టర్సు ముందు మట్టిలో కాలి బొటనవేలితో గీత గీశాడు. "రండి సార్," అన్నాడు.

కోదండరాం పంచె ఎగగట్టి కూత మొదలుపెట్టాడు. మూడో అడుగులో ఏళుమలై చేతులు ఆయన నడుం చుట్టుకుని, బోర్లా పడేశాయి. ఆ పట్టు వర్క్‌షాపులో ఇనుము పట్టే పట్టు. కూత ఆగింది. ఏళుమలై వదల్లేదు. కోదండరాం కళ్ళు వెళ్ళుకొచ్చి, నోరు తెరిచి, నేలను అరచేత్తో మూడుసార్లు కొట్టాక వదిలాడు.

"ఈ పట్టు ఆడ ఎవురూ పట్టరులే సార్," అన్నాడు, చేతులు దులుపుకుంటూ. "పట్టేవాణ్ణి మీరు ఈడనే వదిలేసి పోతావుండారు."

అది తిట్టేనని కోదండరాంకు తోచలేదు. ధైర్యం చెప్పాడనుకున్నాడు. మీసంలోని మట్టి తుడుచుకుని, ఓడలో చలికి మూర్‌మార్కెట్‌లో ఉన్ని మేజోళ్ళు కొనాలంటూ రైలు వేళకు పరుగు తీశాడు.